తోక కాడ నల్ల చుక్క

వనపర్తిల చేపలు సాదుకునేటోళ్లను ఎవ్వరినన్న అడుగుండ్రి, సాంసన్ కన్ను గురించి చెప్తరు. చెప్పాలె గూడ మరి. గోరంత చేపపిల్లను సంచిల ఉండంగనే చూసి, ఇది పెద్దగైతే ఏ రంగుకు తిరుగుతది, ఎంత పెరుగుతది, పక్కన దేన్ని బతకనియ్యది అని చెప్పేటోడు ఈ చుట్టుపక్కల ఆయన తప్ప ఇంకోడు లేడు. గసోంటి కన్ను ఒక్కసారి తప్పింది. తప్పిన ఇరవై దినాలకు ఆ తప్పును తనే పట్టుకున్నది గూడ. గని అప్పటికి నోరు అడ్డమొచ్చింది. కంటి తప్పును దేవుడు మాఫ్ చేస్తడేమో, నోటి తప్పుకు మాఫీ ఎక్కడిది?

సాంసన్‌ది ఆత్మకూరు. తల్లిదండ్రులు కాలువలు తవ్వే పనులకు దేశాలు పట్టి తిరిగిన కూలోళ్లు. ఈయన పదహారేండ్లప్పుడు తట్ట మోసుడు వశంగాక పారిపోయి, హైదరాబాద్‌ల ఒక అక్వేరియం దుకాణంల అద్దాల తొట్లు కడిగే పనికి కుదిరిండు. పదకొండేండ్లు కడిగిండు. అద్దాలు కడిగేటోనికి చేపలను చూసుడు తప్ప ఇంకేం ఉంటది? చూసి చూసే నేర్చిండు. ఆ దుకాణం సేటు నేర్పింది ఒక్కటే మాట. "చేప సచ్చిందని గిరాకి మొకం ఏలాడేసుకొని వస్తే, నీళ్ల తప్పు, మేత తప్పు అని చెప్పకు. మీ ఇంటి మీదికొచ్చే గండాన్ని చేప తీస్కపోయింది అను. ఏడ్చుకుంట వచ్చినోళ్లు దండం వెట్టి ఇంకో రెండు కొనుక్కొని పోతరు." సాంసన్ ఆదివారం తప్పకుండ చర్చికి పోయే మనిషి, గండాలను, దిష్టిని నమ్మడు. అయినా వనపర్తి బస్టాండు పక్క సందుల రేకుల దుకాణం పెట్టుకున్నంక గా మాట ఎన్నిసార్లు అన్నడో లెక్కలేదు. గిరాకి నిమ్మలంగ ఇంటికి పోతది, అబద్ధమైతే ఏం పాయె అనుకునేటోడు. పొద్దుగాల ఆత్మకూరుల బస్సెక్కి వచ్చుడు, పొద్దుగూకంగ మళ్ల బస్సెక్కి పోవుడు. భార్య ఎస్తేరమ్మ పత్తి చేన్లకు కూలికి పోతది. బతుకు మంచిగనే నడుస్తుండె.

ఇగ చేప సంగతి. గౌరామి అంటే అందరికి తెల్సిన చేపనే. అరచేతిల పడ్తది, కడుపు కింద దారాల లెక్క రెండు పొడుగు మీసాలుంటయి, మెత్తటి రకం. గని గా కులంల ఒక రాక్షసి జాతి ఉంది, జెయింట్ గౌరామి అంటరు. మోచెయ్యంత పెరుగుతది, అద్దాల తొట్టి చాలదు దానికి. చిన్నప్పుడు మాత్రం ఎవ్వరూ పోల్చుకోలేరు, హైదరాబాద్ నుంచి బస్సుల పార్సిల్ వచ్చే సంచిల్ల మామూలు గౌరామిల నడుమ అమాయకంగ కలిసి వస్తది. సాంసన్ పోల్చుకునేటోడు. మూతి సూదిగ ఉన్నదా అని చూస్తడు. ఒంటి మీద నిలువు పట్టీలు ఎనిమిదా, తొమ్మిదా, పదా అని లెక్కవెడ్తడు. ఆఖరికి తోక మొదలు కాడ, కింది రెక్క అయిపోయే చోట, గుండ్రటి నల్ల చుక్క ఉన్నదా అని వంగి చూస్తడు. ఉన్నదా, రాక్షసి పిల్లనే! రెక్కల అంచుకు ఎరుపు తిరిగితే అది ఇంకో రకం రాక్షసి, ఎర్రతోకది. దూరపు ప్రయాణంల బెదిరిన పిల్లలు సంచిల తెల్లగ పాలిపోయి ఉంటయి గాబట్టి పట్టీలు, చుక్కలు ఏవీ తేలవు. అందుకే వచ్చినయి వచ్చినట్టు అమ్మేటోడు కాదు. రెండు దినాలు వేరే తొట్ల ఉంచి, రంగు తిరిగినంక ఏరి, అప్పుడే గిరాకికి చూపెట్టేటోడు. గది ఆయన పెట్టుకున్న పద్ధతి.

మూడేండ్ల కింద వానకాలంల ఆ పద్ధతి తప్పిండు. తప్పింది గూడ పాపమని జాలితోనే.

ఆనాడు వీపనగండ్ల నుంచి వెంకటన్న, ఆయన పెండ్లాం యమున వచ్చిండ్రు. పల్లి పండిచ్చుకునే మనుషులు. దవాఖానల చూపిచ్చుకొని అట్లనే దుకాణానికి వచ్చిండ్రు. యమునకు నాలుగడుగులేస్తే దమ్మొస్తది, కాళ్లు వాస్తయి. గుండెల ఏదో కవాటం సరిగ్గ మూసుకుంటలేదట, హైదరాబాద్ పొయ్యి చూపిచ్చుకోండ్రని చిట్టి రాసిచ్చిండ్రట. ఇంట్ల చేపలుంటే మంచిదని ఎవరో చెప్తే, ముందుగాల గా పని చేద్దామని వచ్చిండ్రు. యమున స్టూలు మీద కూసొని ఊపిరి తీసుకుంట గప్పీలనే చిన్న చేపలను ఆరు ఏరుకున్నది. ఏరుకొని, పక్కకు పెట్టిన సంచి దిక్కు చెయ్యి చూపెట్టింది. "అన్నా, గది చూడు, నన్నే చూస్తుంది."

గా సంచి పొద్దుగాలనే వచ్చింది. గౌరామి పిల్లలు, తెల్లగ పాలిపోయి ఉన్నయి. ఆమె చూపెట్టిన దాని మూతి జర సూదిగ ఉన్నట్టు సాంసన్‌కు అనిపిచ్చింది. "రెండు దినాలు ఆగి రా చెల్లె" అని నోటి దాక వచ్చింది. గని ఆ మనిషి ఎగపోసుకుంట కూసున్న తీరు చూస్తే, మళ్ల ఒకసారి వీపనగండ్ల నుంచి రమ్మని ఎట్లంటడు? "గౌరామి చెల్లె, మెత్తటిది" అని కట్టిచ్చిండు. యమున సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకొని నవ్వింది, వెంకటన్న ఫోన్ల ఫొటో కొట్టిండు.

ఇరవై దినాలకు మళ్ల వచ్చిండ్రు. మూడు గప్పీలు కనవడుత లేవన్నరు. సచ్చి తేలింది లేదు, అడుగున పడ్డది లేదు, తొట్టి మీద మూత ఉంది. "నీళ్లు బాగలేవా అన్నా? నా చెయ్యి మంచిది కాదేమో" అన్నది యమున. సాంసన్ ఫోన్ల తొట్టి ఫొటో చూపెట్టమన్నడు. చూసిండు. గప్పీలు మూడు ఓ మూలకు బెదిరి ఉన్నయి. నడుమ గౌరామి నిలవడ్డది, రంగు తిరిగింది. మూతి సూది. పట్టీలు తొమ్మిది. తోక కాడ కాటుక పెట్టినట్టు నల్ల చుక్క.

 అప్పుడే చెప్తే అయిపోతుండె. చెల్లె, నా కన్ను తప్పింది, ఇది రాక్షసి జాతి, చిన్న చేపలను ఇదే మింగుతుంది, వాపస్ ఇయ్యి అంటే ఏం పోతుండె? పేరు పోతది! వనపర్తిల సాంసన్ చేపను పోల్చుకోలేకపోయిండంట అని నలుగురు అంటరు. గీ ఒక్క ఫికరుకు ఆయన పాతికేండ్ల కింది సేటు మాట బయటికి తీసిండు. తీసినోడు దాన్నన్న ఉన్నదున్నట్టు చెప్పిండా? దానికి ఇంకో ముక్క అతికిచ్చిండు.

"మంచిదే చెల్లె. మీ ఇంటి మీదికొచ్చే గండాన్ని తీస్కపోయినయి. శవం గూడ దొరకలే అంటున్నవు, అంటే పూర్తిగ తీస్కపోయినట్టే."

యమున మొకం ఎట్ల వెలిగిందో! "అందుకేనేమో, ఈ వారం దమ్ము జర తక్కువైంది" అన్నది మొగుని దిక్కు తిరిగి. ఇంకో ఆరు గప్పీలు కొనుక్కొని పోయిండ్రు.

అవి గూడ పోయినయి. మళ్ల వచ్చిండ్రు, మళ్ల తీస్కపోయిండ్రు. "హైదరాబాద్ పోయొచ్చిండ్రా?" అని సాంసన్ ఒకసారి అడిగిండు. "ఎందుకన్నా, చేపలు పోతనే ఉన్నయి గద" అన్నది ఆమె నవ్వుకుంట. గప్పుడన్న చెప్పాలె. చెప్పలే. మొదటి అబద్ధం చిన్నగుంటది, దాన్ని దాయనీకి రెండోది పెద్దది కావాలె, ఇగ మూడోదానికి మనిషి దాని కిందనే పడి ఉంటడు. తేలు కుట్టిన దొంగ లెక్క మెదలకుండ గప్పీలను సంచిల పోసి మూతి కట్టిచ్చిండు.

నాలుగు నెలలకు, క్రిస్మస్ ఇంకో వారం ఉందనంగ, వెంకటన్న ఒక్కడే వచ్చిండు. స్టూలు మీద కూసున్నడు.  "యమున పోయిందన్నా" అన్నడు. "తొట్ల చిన్న చేపలు అయిపోయినయి. పోయిన వారమే వచ్చి తీస్కపోదామనుకున్న. పల్లి పీకుడు పనిల పడి రాలేకపోయిన. తీస్కపోనీకి చేప లేకనే గండం ఆమె మీద పడ్డది. నాదే తప్పు."

 మనిషి ఏడుస్తుంటే సాంసన్ పక్కకు నిలవడి భుజం మీద చెయ్యి వేసిండు. ఆ చెయ్యి అక్కడ వెయ్యనీకి తనకు ఏం హక్కుందని లోపల ఎవరో అడుగుతనే ఉన్నరు.

గప్పటి సంది పట్టుకున్నది సాంసన్‌కు. దయ్యం అంటరో ఏమంటరో, కండ్లు మూస్తే ఆ చుక్కనే. ఆత్మకూరు బస్సుల కిటికీ కాడ కూసొని జర కునుకు తీస్తే, యమున సంచి ఎత్తి పట్టుకొని "నన్నే చూస్తుంది" అంటది. గౌరామిలు మీదికొచ్చి టప్పుమని గాలి మింగుతయి, గది వాటి తీరు. ఎన్నో ఏండ్లు పట్టిచ్చుకోకుండ ఇన్న సప్పుడు అది. ఇప్పుడు గా సప్పుడైతే చాలు, స్టూలు మీద ఎవరో దమ్ముతోని కూసున్నట్టే ఉంటది. తట్టుకోలేక గౌరామిలను దుకాణంలకెళ్లి తీసేసిండు. చేపలు పోయినయి గని సప్పుడు పోలే. చర్చిల ప్రభు భోజనం రొట్టె తన దాక వస్తే, పాపం ఒప్పుకోనోడు ముట్టొద్దని తీసుకోకుండ పక్కోనికి అందిస్తున్నడు. ఎస్తేరమ్మ మూడు నెలలు చూసి అడిగింది, "ఏమయ్యా, ఏం చేసినవు?" అని. "కడుపుల బాగలేదు" అన్నడు. "మూడు నెలల పొడుగునా?" అన్నది ఆమె. 

వీటన్నిటిని మించింది వెంకటన్న వచ్చుడు. నెలకొకసారి తప్పకుండ వస్తడు. గా చేపను అద్దాల తొట్ల నుంచి తీసి, ఇంటి ముందట సిమెంటు తొట్టి కట్టిచ్చి అండ్ల ఇడిసిండు. దానికి యమున అని పేరు పెట్టుకున్నడు. "బిడ్డ హాస్టల్‌ల ఉంటది. ఇంట్ల ఆమెతోని ఉండి, ఆమె పోయినంక గూడ నాతోని ఉన్నది గిదొక్కటే అన్నా" అంటడు. ఫోన్ తీసి చూపెడ్తడు. ఫోన్ తెరవంగనే మొదలు యమున ఫొటో వస్తది, సంచి ఎత్తి పట్టుకొని నవ్వేది. సాంసన్ ఆ నవ్వును చూడడు, సంచిలకే చూస్తడు. పాలిపోయిన పిల్ల తోక కాడ, వెలుతురు పడ్డ చోట, చుక్క జాడ సన్నగ కనవడుతనే ఉంటది. ఆనాడు జర వంగి చూస్తే దొరుకుతుండె. తర్వాత పెద్ద చేప ఫొటోలు. పట్టీలు మాసిపోయినయి, చుక్క గూడ మాసిపోయింది, పెద్దగైతే గా జాతికి అవి ఉండవు. పెదవులు లావైనయి, నుదురు బుర్రగ వచ్చింది, ముందటికెళ్లి చూస్తే మనిషి మొకమే. "తోటకూర వేస్తే చేతిల నుంచే తింటది. యమునకు గూడ తోటకూరంటే పానం. నా గొంతు ఇనంగనే మీదికొచ్చి గాలి మింగుతది, అచ్చం ఆమె లెక్కనే ఎగపోసుకుంటది" అంటడు వెంకటన్న. అని, పోయేటప్పుడు చెయ్యి పట్టుకుంటడు. "నీ చేపలే నా యమునను నాలుగు నెలలు బతికిచ్చినయి అన్నా. నీ రుణం తీర్చుకోలేను." తిట్టినా బాగుండు. చెప్పు తీసి కొట్టినా బాగుండు. దండం వెట్టిచ్చుకునుడు కన్న నరకం ఉంటదా?

ఇట్ల రెండేండ్లు గడిచినయి. ఈ ఏడాది ఎండలు ముదురుతున్న దినాలల్ల ఓ బుధవారం పొద్దుగాల వెంకటన్న బిడ్డను తోలుకొని వచ్చిండు. పేరు గీత. నాగర్‌కర్నూల్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతది. బస్టాండు నుంచి దుకాణం దాక నడిచొచ్చేసరికే పిల్లకు దమ్మొచ్చింది. స్టూలు మీద కూసొని, ఎదమీద చెయ్యి పెట్టుకొని ఊపిరి తీస్తుంది. కాళ్ల చీలమండల కాడ వాపు.

"అన్నా, ఇరవై చేపలియ్యి" అన్నడు వెంకటన్న. "చిన్నయి. ఈసారి తక్కువ కానియ్య. అయిపోకముందే వచ్చి తీస్కపోత. హాస్టల్ మేడం దవాఖానకు తీస్కపొమ్మన్నది, పోతం గని ముందుగాల ఇంట్ల చేపలుండాలె."

"నాయినా, నేను దవాఖానకే పోదామంటున్న గద" అన్నది గీత మెల్లగ.

"పోదాం బిడ్డా. వచ్చే నెల పోదాం."

సాంసన్ చేతిల జాలి గంటె ఉంది, చేపలు పట్టేది. దాన్ని తొట్టి మీద పెట్టేసిండు. ఇప్పుడు చెప్పకుంటే ఈ పిల్ల పోతది. గంత సాఫ్‌గ కనవడుతుంది. నెలనెలా దండం వెట్టే ఒక్క మనిషి, వనపర్తిల పాతికేండ్లు సంపాదిచ్చుకున్న పేరు, ఇంట్ల ఎస్తేరమ్మ ముందట ఉన్న మొకం, అన్నీ ఒక దిక్కు. పిల్ల ఊపిరి ఇంకో దిక్కు.

"చేపలియ్య" అన్నడు.

వెంకటన్న తొట్ల దిక్కు చూసిండు. "గిన్ని ఉన్నయి గద?"

"ఉన్నయి. నీకియ్య. ఎంకటన్నా, నీ ఫోన్ల యమున ఫొటో తీ."

ఏమర్థంగాక తీసిండు. సాంసన్ రెండు వేళ్లతోని ఫొటో పెద్దగ చేసిండు. యమున మొకం తెర అంచుకు జరిగి పోయింది. సంచి వచ్చింది, చేప వచ్చింది. "గీ చుక్క చూడు. సన్నగ ఉంది, చూడు. ఇది మామూలు గౌరామి కాదు. రాక్షసి జాతి పిల్ల. నేను పోల్చుకోలేదు. మీ ఇంట్ల పోయిన చేపలను గండం తీస్కపోలే, దేవుడు తీస్కపోలే. ఇదే మింగింది. శవాలు దొరకంది అందుకే. ఇప్పుడు నీ ఇంటి ముందట ఉన్నది గదే. నేను చెప్పింది అబద్ధం. అప్పుడు గూడ అబద్ధమే, ఎప్పుడూ అబద్ధమే. పిల్లను ఇప్పుడే, ఈ బస్సుకే హైదరాబాద్ తీస్కపో."

వెంకటన్న ఫోన్ దిక్కే చూస్తున్నడు.  ఆఖరికి అడిగిండు. "నీకెప్పుడు తెల్సింది?"

ఇగ చూడు, అబద్ధానికి మళ్ల జాగ దొరికింది. ఇప్పుడే తెల్సిందంటే అయిపాయె. ఫొటో పెద్దగ చేస్తే ఇప్పుడే కనవడ్డదంటే నమ్ముతడు గూడ, అంత మంచోడు. సాంసన్ నాలుక మీది దాక వచ్చింది ఆ మాట. స్టూలు మీద పిల్ల తనను చూస్తుంది.

"రెండోసారి మీరు వచ్చిననాడే" అన్నడు.

"మూడు చేపలు పోయిననాడు."

"ఊ."

"గప్పుడు నవ్వింది యమున. యాదికుందా నీకు? శవం గూడ దొరకలే అంటే పూర్తిగ తీస్కపోయినట్టే అన్నవు నువ్వు. ఇంటికి పోయినంక గా మాట నాకు పదిసార్లు చెప్పింది. చెప్పి, హైదరాబాద్ చిట్టిని మడిచి బియ్యం డబ్బల పెట్టింది. నేను గూడ తియ్యలే." వెంకటన్న గొంతు పెద్దగ కాలే. గదే భయమైంది సాంసన్‌కు. "నాలుగు నెలలు అన్నా. నాలుగు నెలలు నేను పొద్దుగాల లేవంగనే చేపలు లెక్కవెట్టుకుంట సంబురపడ్డ."

సాంసన్ కాళ్లు పట్టుకునేటందుకు వంగిండు. వెంకటన్న రెండడుగులు ఎనుకకు జరిగిండు. "ముట్టకు" అన్నడు. గీత లేచి తండ్రి చెయ్యి పట్టుకున్నది. "పా నాయినా, బస్సున్నదేమో చూద్దాం" అన్నది. 

సాంసన్ దుకాణం అట్లనే ఇడిసిపెట్టి, వాళ్లకు కనవడకుండ ఎనుక నడిచిండు. వీపనగండ్ల బస్సు వచ్చింది, వెంకటన్న దాని దిక్కు ఒకసారి చూసిండు.  బస్సు పోయింది, వాళ్లు ఎక్కలే. అరగంటకు హైదరాబాద్ బస్సు వస్తే తండ్రి బిడ్డను పట్టుకొని ఎక్కిచ్చిండు. గది చూసినంక సాంసన్ బస్టాండు అరుగు మీద కూలబడ్డడు. ఆ దినం ఇంటికి పొయ్యి ఎస్తేరమ్మకు మొదటికెళ్లి అంతా చెప్పిండు. ఆమె ఇన్నది. ఇని, పొయ్యి మీద అన్నం మాడే దాక లేవలే. "నాకన్న చెప్పకపోతివి" అన్నది. 

ఫోన్ చేస్తే వెంకటన్న ఎత్తుతలేడు. పిల్ల ఏమైందో తెల్వదు. తెల్సుకునేటందుకు వీపనగండ్ల పోదామంటే ఏ మొకం పెట్టుకొని పోతడు? పది దినాలు గట్లనే గడిచినయి. పదకొండో దినం ఆదివారం. చర్చి నుంచి వచ్చి వాకిట్ల మంచం మీద కూసుంటే ఫోన్ మోగింది, వెంకటన్నది.

"గీత మంచిగుంది" అన్నడు వెంకటన్న. పక్క నుంచి దవాఖాన సప్పుళ్లు ఇనవడుతున్నయి. "తల్లికున్నదే దీనికి గూడ ఉందట. మూడు వారాలకోసారి సూది ఏసుకోవాలె, గోలీలు మింగాలె, చదువుకోవచ్చు అన్నరు. డాక్టరమ్మ నన్ను మెచ్చుకున్నది. జల్దీ తీస్కొచ్చిండ్రు కాబట్టి పిల్ల దక్కింది, శానమంది తీస్కరారు అన్నది."

సాంసన్ ఏదో అనబోయిండు.

"నీకు చెప్పుడు నా ధర్మం, చెప్పిన. ఇగ నాకు ఫోన్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసినంక గూడ సాంసన్ దాన్ని చెవి కాడ నుంచి తియ్యలే. ఎస్తేరమ్మ తలుపుల నిలవడి చూస్తుంది. "ఏమన్నడు? పిల్లకెట్లుంది?"

"బతికింది."

"దేవునికి స్తోత్రం! మరి ఏడుస్తవేంది?"

"జల్దీ తీస్కపోతే బతుకుతరంట, ఎస్తేరూ" అన్నడు సాంసన్.